తగ్గిన కడుపు

క్రితం సారి ముప్పై నాలుగు సెంటీమీటర్లున్న కడుపు ఈసారి ముప్పై రెండే ఉందని నర్సు కనిపెట్టింది.

ఆ మాట ఆమె వెంటనే బయటికి అనలేదు. టేపు తీసి, దులిపి, మళ్లీ పెట్టింది. పొత్తికడుపు కింద ఎముక దగ్గర ఒక కొస, గర్భసంచి పైఅంచు మీద వేలు. ముప్పై రెండు. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చూసింది. సంఖ్య మారలేదు.

"సిస్టర్, మూడుసార్లు కొలిచారు," అంది మంచం మీద పడుకున్న మనిషి. "నేనైతే రెండుసార్లకే కేసు రాసేస్తాను."

ఆమె తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కొట్టు కొట్టుకీ వెళ్లి త్రాసులూ, రాళ్లూ, మీటరు బద్దలూ పరీక్షించడం ఆమె పని. సరిగ్గా ఉంటే ముద్ర కొడుతుంది, లేకపోతే వాటిని పట్టుకుపోతుంది. అందుకే వీధిలో ఆమెని ముద్రమ్మ అంటారు. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. ప్రస్తుతం తొమ్మిదో నెల దగ్గరపడి సెలవులో ఉంది. వీధిలో తూకాలు కొంచెం ఊపిరి పీల్చుకుంటున్నాయి.

"కొలత తగ్గింది మేడమ్," అంది నర్సు చివరికి. "రెండు తగ్గింది. పెరగాల్సింది పోయి తగ్గింది."

గదిలో ఉన్న మూడో మనిషి అత్తగారు. చిన్న టోపీకి అంచు కుడుతున్న ఆవిడ సూది ఆపింది. "నేను చెబుతూనే ఉన్నా. అన్నం ముందు కూర్చుని లెక్కలు చూసుకుంటుంది గానీ తినదు."

"తినకపోతే పెరగడం తగ్గుతుందమ్మా. ఉన్నది తగ్గిపోదు." నర్సు గుండె చప్పుడు వినే గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. గుండె బాగానే కొట్టుకుంటోంది. బిడ్డ కూడా, తన గురించే మాట్లాడుతున్నారని తెలిసినట్టు, పక్కకి ఒక్క తన్ను తన్నింది.

"టేపు సంగతి చూడండి," అంది ముద్రమ్మ. అలవాటైన అనుమానం అది.

ఇది చూడాల్సిన సంగతే. నర్సు ఇన్నాళ్లూ తన టేపు తెచ్చేది కాదు. కింద దర్జీ కొట్టు, పైన ఇల్లు. కొట్టు మామగారిది. ఆయన్ని అందరూ మాస్టర్ అంటారు. దర్జీ ఇంటికి టేపు మోసుకురావడం దండగని నర్సు మొదటి రోజే తేల్చేసి, పడగ్గది తలుపు వెనక మేకుకి వేలాడే టేపుతోనే కొలుస్తూ వచ్చింది. ఇవాళ మాత్రం తన సంచీలోంచి కొత్తది తీసింది.

"ఆఫీసులో కొత్తవి ఇచ్చారు. ఇకమీదట ఇవే వాడాలట. ఆ మాట నిన్న ఫోన్లో చెప్పానుగా," అంటూ మేకు మీది టేపు తీసి కొత్తదాని పక్కన మంచం మీద పరిచింది. ఒకటి దగ్గర ఒకటి, పది దగ్గర పది, ముప్పై దగ్గర ముప్పై. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇంట్లో టేపు నిజమే చెబుతోంది. నర్సు టేపూ నిజమే చెబుతోంది. ఇక అనుమానించడానికి కడుపొక్కటే మిగిలింది.

"మధ్యాహ్నం డాక్టర్ గారి దగ్గరికి వెళ్లండి," అంది నర్సు సంచీ సర్దుకుంటూ. "మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి. ఒక్కరూ వెళ్లొద్దు."

*

డాక్టరుకి నర్సుకున్నంత మొహమాటం లేదు. స్కానింగ్ గదిలో దీపం తగ్గించి, కడుపు మీద జెల్ పూసి, తెర తనవైపే తిప్పుకుని పని మొదలుపెట్టింది. భర్త గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కొట్లో కటింగ్ అంతా అతనిదే. చిన్న మాస్టర్ అంటారు. గుడ్డ మీద కత్తెర పెడితే చెయ్యి వణకదని పేరు. ఇప్పుడా చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి.

"తల కిందకి తిరిగింది, మంచిదే," అంది డాక్టర్. "ఇదిగో ఛాతీ కదులుతోంది చూడండి. ఊపిరి పీల్చడం ప్రాక్టీసు చేస్తోంది. లోపల గాలి లేదనుకోండి. అయినా చేస్తుంది. ఇప్పుడు నీళ్లు మింగింది."

తెర వీళ్లవైపు తిప్పింది. బూడిదరంగు వానలో ఒక చిన్న ముఖం, ముఖం ముందు ఒక పిడికిలి.

"బరువు రెండు కిలోలు ఉంటుందేమో. ఈ నెలకి ఇంకాస్త ఉండాలి. ఉమ్మనీరు సరిపడా ఉంది. బొడ్డుతాడులో రక్తం బాగానే పోతోంది."

"అయితే పర్లేదా?" అంది ముద్రమ్మ.

"అదే తెలియాలి." డాక్టర్ చేతులు తుడుచుకుంది. "ఇద్దరు పిల్లలున్నారనుకోండి. ఒకడు మొదట్నించీ పొట్టి. తన దారిన తను పెరుగుతున్నాడు. రెండోవాడు అందరిలాగే ఎదుగుతూ ఎదుగుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఇవాళ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే ఎత్తు ఒకటే. మొదటివాడి జోలికి నేను పోను. రెండోవాడి ఇంట్లో మాత్రం ఏదో జరుగుతోంది. వాణ్ని బయటికి తెచ్చేయాలి."

"మాది?"

"మీ కొలతలు చూస్తే రెండోవాడే. క్రితం సారి దాకా నెలకి తగ్గట్టు చక్కగా పెరిగింది. ఇవాళ పడిపోయింది. రేపు పొద్దున్నే వచ్చేయండి. ఊపిరితిత్తులకి ఇంజెక్షన్లు ఇచ్చి, అవి పనిచేశాక నొప్పులు తెప్పిస్తాను."

"లోపలే ఉంచితే ఏమవుతుంది?"

"ఆగిపోయిన బిడ్డయితే ఏమైనా కావచ్చు. ఆ మాట నా చేత చెప్పించకండి. ఆగని బిడ్డయితే లాభమే. ఈ వారాల్లోనే ఒంటికి కొవ్వు పడుతుంది, వెచ్చగా ఉండటానికి. ఊపిరితిత్తులు పూర్తిగా తయారవుతాయి. పాలు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదాని తర్వాత ఒకటి కుదురుతాయి. వాటికోసం బయట గాజు పెట్టె, గొట్టం, నలుగురు నర్సులు కావాలి. లోపలైతే ఊరికే జరిగిపోతాయి."

గోడ దగ్గర్నుంచి మొదటిసారి మాట వచ్చింది. "డాక్టర్ గారూ, ఆ ముందరి కొలతలు తప్పయితే?"

"తప్పని ఎవరైనా చెప్పాలిగా. మీ ఇంటి టేపు సరిగ్గానే ఉందని నర్సు రాసింది. మీకేమన్నా తెలుసా?"

భర్త చేతులు జేబుల్లోంచి తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "నాకేం తెలుస్తుందండీ. ఊరికే అడిగాను."

తిరుగు దారిలో రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరి చేతులూ ఒకేసారి ఆమె కడుపు మీదికి వచ్చి, ఒకదానికొకటి తగిలి, వెనక్కి వెళ్లాయి.

*

ఇంట్లో అత్తగారు అప్పటికే సంచీ ముందు పెట్టుకుని కూర్చుంది. వదులు నైటీలు, పాత మెత్తటి గుడ్డలు, దుప్పటి, దువ్వెన, చెప్పులు.

"రేపంటే రేపేనా? టోపీలకి ఇంకా తాళ్లు కుట్టలేదు," అంది. "ఎంతుందే బిడ్డ?" అని అడిగింది.

"రెండు కిలోలట అత్తయ్యా."

అత్తగారు చేతిలో టోపీని పైకెత్తి చూసింది. దాన్ని మామూలు బిడ్డ కొలతకి ఒకటిన్నర రెట్లు కుట్టింది, తొందరగా పొట్టి కాకుండా. "దీంట్లో నిలువునా పడుకుంటుంది," అని నిట్టూర్చి, కుట్లు విప్పడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుంది గానీ కుట్లు విప్పడం ఆపలేదు.

ముద్రమ్మ మంచం మీద ఎడమవైపు తిరిగి పడుకుంది. నర్సు నేర్పినట్టు ముక్కుతో మెల్లగా పీల్చి నోటితో వదిలింది. నొప్పి వచ్చినప్పుడు ఇలాగే చేయాలట. ఇప్పుడు నొప్పి లేదు, భయముంది. భయానికి కూడా కొంచెం పనిచేసింది. కింద గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మొదలవగానే బిడ్డ ఎప్పటిలాగే దబదబా తన్నింది. ఆ మిషనంటే ఇష్టమో కోపమో పుట్టాక అడగాలి.

రేపు దీన్ని బయటికి తీసేస్తారు. ఆగిపోయిందని తీస్తారు. ఆగిపోయిందని చెప్పింది ఒక్క టేపు.

ఆమె లేచి తలుపు వెనక మేకు మీది టేపు తీసింది. కుర్తా ఎత్తి, కొస పొత్తికడుపుకి ఆనించుకుంది. ఆమెకేదో తేడాగా తోచింది. మళ్లీ ఆనించుకుంది.

చల్లగా లేదు.

టేపు కొసకి ప్లాస్టిక్ తొడుగుంది. ఇన్నాళ్లూ నర్సు కొలుస్తుంటే పొత్తికడుపు మీద చురుక్కుమని చల్లగా తగిలేది. ఇత్తడి రేకు. ఆ చలికి తను ఉలిక్కిపడటం, నర్సు నవ్వడం ప్రతిసారీ ఉన్నదే. ప్రతిసారీనా? కాదు. ఏడో నెలలో మొదటిసారి కొలిచినప్పుడు చలి తగల్లేదు. ఆ రోజు కొలత ఉండాల్సినదానికన్నా మూడు తక్కువొచ్చింది. "ఈసారికి చూద్దాం, వచ్చేసారి కూడా ఇలాగే ఉంటే స్కాన్ తీయిస్తాను" అంది నర్సు. వచ్చేసారి ఇత్తడి తగిలింది, కొలత సరిపోయింది. బిడ్డ అప్పుడు అడ్డంగా పడుకుని ఉంటుంది లెమ్మని నర్సు ఆ మొదటి సంఖ్య కొట్టేసింది. ఇవాళ మళ్లీ చలి లేదు. ఇవాళ మళ్లీ మూడు తక్కువ.

అంటే బిడ్డ చల్లటి టేపుతో కొలిచిన రోజుల్లోనే బాగా పెరిగింది.

ముద్రమ్మ ఉద్యోగంలో ఇలాంటి త్రాసులు చాలా చూసింది. సరుకుని అనుమానించడం మానేసి, చెప్పులు వేసుకుంది. బీరువాలోంచి తన ఆఫీసు స్టీలు స్కేలు తీసుకుంది. రెయిలింగ్ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ, కొట్లోకి దిగింది.

*

కొట్టు షట్టరు సగం దించి ఉంది. సాయంత్రం ఇస్త్రీ ఆవిరి ఇంకా గాల్లోనే ఉంది. మాస్టర్ ఓవర్‌లాక్ దగ్గర, భర్త కటింగ్ బల్ల దగ్గర ఉన్నారు. వెనకాలే అత్తగారు కూడా దిగొచ్చింది, కోడలు ఒక్కతే మెట్లు దిగడం చూడలేక.

"మావయ్యగారూ, కొట్లో ఉన్న టేపులన్నీ బల్ల మీద పెట్టండి."

మాస్టర్ మిషన్ ఆపాడు. కోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆయన ఈ గడియ కోసం భయపడుతూ ఉన్నాడు. ఆమె ఈ కొట్టుకి తనిఖీకి రాదు. సొంతవాళ్ల కొట్టని పక్క ఇన్‌స్పెక్టరుకి అప్పజెప్పించింది. కానీ ఇంటి మనిషి చూపుని ఎవరికి అప్పజెబుతారు?

"తనిఖీయా అమ్మా? ఈ ఒంటితోనా?"

"పెట్టండి."

మెడలో ఉన్నది, గోడ మీద ఉన్నవి, సొరుగులో ఉన్నవి వరసగా పరిచాడు. ఆమె ఒక్కొక్కదాన్నీ స్టీలు స్కేలు పక్కన పెట్టి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఇత్తడి కొస ఉన్నది ఏదీ?"

మాస్టర్ ముఖంలో కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు. భర్త గుడ్డ మీద సుద్దగీత గీస్తున్నాడు. ఆ గీత ఉన్న గీత మీదే మళ్లీ పడింది.

"ఉండేదమ్మా," అన్నాడు మాస్టర్. "పెళ్లికొడుకు టేపు."

"అంటే?"

"బక్కపలచటి కుర్రాళ్లు పెళ్లి సూటుకి వస్తారు. పక్కన కాబోయే మామగారు. ఛాతీ కొలిచి గట్టిగా చెప్పాలి కదా, చెబితే పిల్లాడి పరువు పోతుంది. అందుకని ఒక టేపు ముందరి మూడు సెంటీమీటర్లూ కోసేసి, ఇత్తడి రేకు మళ్లీ బిగించాను. దాంతో కొలిస్తే మూడు ఎక్కువ పలుకుతుంది. మావాడు కటింగులో ఆ మూడూ తీసేసి కోస్తాడు. సూటు సరిగ్గానే వస్తుందమ్మా. ఒక్క కుర్రాడికీ వదులు కాలేదు."

"నా పెళ్లప్పుడు ఈయన ఛాతీ తొంభై ఆరని మా నాన్నతో అన్నారు," అంది అత్తగారు. "ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. ఆ తొంభై ఆరు ఎక్కడా కనబడలేదు."

"అది మా నాన్న కొలిచాడే."

"కుటుంబం మొత్తం ఇంతేనన్నమాట."

ముద్రమ్మ నవ్వలేదు. "ఇప్పుడా టేపు ఎక్కడుంది?"

"నువ్వు కోడలిగా వస్తున్నావని తెలియగానే పాత మిషన్ సొరుగులో అడుగున దాచేశాను. మళ్లీ చేత్తో ముట్టుకోలేదు. నీ మీద ఒట్టు." మాస్టర్ వెళ్లి సొరుగు లాగాడు. గుండీలు, విరిగిన సూదులు, నూనె డబ్బా. వాటికింద మడత ఆకారంలో దుమ్ము పట్టని చోటు. టేపు లేదు.

"ఎవరో దాన్ని పైకి తీసుకొచ్చి మేకుకి తగిలించారు," అంది ముద్రమ్మ. "నా కడుపు మూడు ఎక్కువ చూపించింది. నిన్నో ఇవాళో దాన్ని తీసేసి మంచి టేపు పెట్టారు. ఎందుకంటే సిస్టర్ కొత్త టేపు తెస్తుందని తెలిసింది. పక్కపక్కన పెట్టి చూస్తే దొరికిపోతారు."

ఆమె ఫోన్ తీసి, స్పీకరు పెట్టి నర్సుకి చేసింది.

"సిస్టర్, కొత్త టేపు తెస్తానని నిన్న ఫోన్లో చెప్పానన్నారు. నేను ఎత్తలేదు. ఎవరెత్తారు?"

"మగ గొంతండీ. మేడమ్ స్నానం చేస్తోంది, చెబుతానన్నారు. మీ ఆయనో, మామగారో. ఇద్దరి గొంతూ ఒకటేగా."

మాస్టర్ రెండు చేతులూ పైకెత్తాడు. "నేను కాదమ్మా. నీ ఫోన్ నేను ముట్టుకుంటానా."

"సిస్టర్, ఎత్తగానే ఏమన్నారు?"

"ఏమంటారండీ. 'ఊఁ' అన్నారు."

మాస్టర్ చేతులు దించేశాడు. ఆయన ఫోన్ ఎత్తితే వీధి చివర దాకా వినబడుతుంది. "మాస్టర్ని మాట్లాడుతున్నా, బట్ట రెడీ కాలేదు" అనేదాకా అవతలివాళ్లెవరో ఆయనకి అక్కర్లేదు. జన్మలో 'ఊఁ' అని ఎరగడు. ఇంట్లో ఊఁ అనేది ఒక్కడే.

ముగ్గురూ కటింగ్ బల్లవైపు తిరిగారు. సగం కోసిన గుడ్డ మీద కత్తెర నోరు తెరుచుకుని ఉంది. మనిషి లేడు.

"పారిపోయాడా?" అంది అత్తగారు. కన్నకొడుకు మీద ఆవిడకి పెద్ద ఆశలేం లేవు.

ముద్రమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. రేపు పొద్దున్నకి ఇంకా టైముంది. ఎక్కడికి పోతాడు. చెప్పులు కూడా ఇక్కడే ఉన్నాయి. ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి స్టీలు స్కేలు మీద పెట్టుకుని ఆమె షట్టరు కిందున్న సందుకేసి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి అక్కడ రెండు వట్టి పాదాలు కనిపించాయి. అవి అటూ ఇటూ తిరిగాయి. తర్వాత భర్త వంగి లోపలికొచ్చాడు. చేతిలో ఫోనుంది. భార్య ముందు, కొంచెం దూరంగా, స్కేలుకి అందనంత దూరంలో నిలబడ్డాడు.

"మీరేనా?" అంది ఆమె.

"నేనే. పెట్టిందీ నేనే, తీసిందీ నేనే. నాన్నకి తెలీదు, అమ్మకి తెలీదు. ఏడో నెలలో సిస్టర్ మూడు తక్కువందే, ఆ రోజు నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. లోకంలో అందరి తూకాలూ పట్టుకుంటాను, నా బిడ్డే తక్కువ తూగిందన్నావు. అన్నం తినలేదు. నాతో మాట్లాడలేదు. నాకు కొట్లో తెలిసిన పని ఒక్కటే. మనిషి చిన్నబోతే పెళ్లికొడుకు టేపు తీస్తాం, ముఖం వెలుగుతుంది, ఆ మూడూ తర్వాత నేను తీసేసి కోస్తాను. తెచ్చి మేకుకి పెట్టాను. సిస్టర్ సరిపోయిందనగానే నువ్వు లేచి కూర్చుని ఆకలేస్తోందన్నావు. ఇక తీయబుద్ధి కాలేదు. కడుపులో మూడు తీసేసి కోయడానికి ఏమీ ఉండదని నాకు తట్టలేదు. నిన్న సిస్టర్ ఫోన్ చేసినప్పుడు టేపు దొరికిపోతుందనే భయపడ్డాను, కొలత పడిపోతుందని తట్టలేదు. మధ్యాహ్నం డాక్టర్ గారు అడిగినప్పుడు చెప్పేయాల్సింది. నువ్వు పక్కనే ఉన్నావని ఆగాను. ఇప్పుడు బయటికెళ్లి ఆవిడకి ఫోన్లో అంతా చెప్పాను. ముందు నీకు చెబుదామనే అనుకున్నా. కానీ ఆవిడ తిడుతుంది, నువ్వు తిట్టవు, కేసు రాస్తావు. ఆవిడ బాగా తిట్టింది. ఇత్తడి టేపుతో వచ్చిన సంఖ్యలన్నిట్లో మూడేసి తీసేయించి, రెండుసార్లు నా చేత పైకి చదివించింది. ఎదుగుదల గీత వంకర్లేకుండా వస్తోందట. బిడ్డ ఆగిపోలేదట. రేపు ఇంజెక్షన్లు వద్దంది. వారం వారం స్కాన్ తీస్తుందట, తన్నులు గమనించుకోమంది. తేడా వస్తే అర్ధరాత్రయినా వచ్చేయమంది. ఇంకొకటి కూడా అంది, అది కూడా చెబుతాను. స్కాన్ రెండు నెలల కిందటే తీయాల్సిందట. ఇప్పటికి అంతా బాగుందంటే అది నా తెలివి కాదట, బిడ్డ గట్టిదట. చిన్నదే. మొదట్నించీ చిన్నదే. నేను ఆ టేపు జోలికి పోకుండా ఉంటే ఆ సంగతి నీకు అప్పుడే తెలిసేది. ఇన్నాళ్లూ దాన్ని దాని కొలతతోనే చూసుకునేదానివి."